రక్తపిశాచి హీరో, గోదావరి పిల్ల హీరోయిన్: చదివినవాళ్లు, రాసినవాళ్లు చెప్పండి

కోటిపల్లి_రేవు:
నమస్తే అండి. రక్తపిశాచి హీరోగా ప్రేమ నవల రాస్తున్నాను. 14 భాగాలయ్యాయి, మూడు ఇక్కడ పెట్టాను. కథంతా కోటిపల్లి, యానాం మధ్యే. హీరోయిన్ పడవ నడిపే ఇంటి పిల్ల, ఎవరికీ తలవంచదు. వాంపైర్ అనాలా, పిశాచి అనాలా? ఆమె కోపం ఎంతవరకు ఉండొచ్చు? కథల ఆప్‌లో పెట్టాలా, పుస్తకం వేయాలా?

మల్లెచెండు:
కోపం సంగతి ముందు నన్ను చెప్పనివ్వండి. ఇలాంటివి కుప్పలుగా చదివాను. మొదటి భాగంలో కత్తి పట్టుకుంటుంది. నాలుగో భాగంలో అతను మెడ దగ్గరకొచ్చేసరికి ఆ కత్తి ఏమైందో రచయితకే గుర్తుండదు. అక్కణ్ణించి నలభై భాగాలు ఏడుపే. అక్కా నేనూ ఒకే సీరియల్ చదువుతూ ఇద్దరం ఒకే చోట మానేశాం. దయచేసి ఆ పిల్లని కరిగించకండి.

లంకగాలి:
మూడో భాగంలో మీ హీరో మిట్టమధ్యాహ్నం సంతలో తిరిగాడు. ఎండ తగిలితే రక్తపిశాచి బూడిదైపోవాలి కదా. ఇది కూడా తెలియకుండా ఎలా రాస్తున్నారు?

పాతపుస్తకం:
ఇరవై ఏళ్లుగా ఇవే చదువుతున్నాను కాబట్టి చెప్తున్నా. 1897లో వచ్చిన డ్రాకులా నవలలో ఆ పిశాచి లండన్‌లో పట్టపగలే కనిపిస్తాడు. పగలు శక్తులు తగ్గుతాయంతే. ఎండకి చావడం 1922 నాటి నోస్ఫెరాటు అనే జర్మన్ మూకీ సినిమాతో వచ్చింది. అందులో వాణ్ణి తెల్లారేదాకా కదలనివ్వకుండా ఆపింది ఒక ఆడమనిషి. తలవంచని ఆడది అంటే ఆవిడ.

లంకగాలి:
వందేళ్ల కిందటి పుస్తకం ఎవరికి కావాలండి? ఇప్పటి పాఠకులు ఎండకి చస్తాడనే నమ్ముతున్నారు.

పాతపుస్తకం:
నమ్మితే? డ్రాకులా కన్నా పాతికేళ్ల ముందు, 1872 నాటి కార్మిల్లా అనే కథలో పిశాచే ఒక అమ్మాయి. ఇవేవీ చదవకుండా వచ్చి రూల్స్ చెప్తే నాకు ఒళ్లు మండుతుంది.

చుక్కాని:
ఎండ గొడవ ఆపండి. ఆ డ్రాకులాలోనే ఇంకో కట్టడి ఉంది. పారే నీటిని అతను పోటు నిండినప్పుడో, నీరు నిలబడినప్పుడో మాత్రమే దాటగలడు. గోదారి గౌతమి పాయ మీద కథకి ఇంకేం కావాలండి? యానాం దగ్గర రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు; నీరెక్కితే పోటు, తీస్తే పాటు. నిన్నటి పోటు ఇవాళ ముప్పావుగంట పైనే ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, అష్టమికి నీరసం. పడవ ఇంటి పిల్లకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. అతను ఎప్పుడు దాటగలడో ఆమె చేతిలో ఉన్న లెక్క. ఆమె బలం అక్కడ పెట్టండి, చెంపదెబ్బల్లో కాదు.
మా నాన్న ఒడ్డున పడవ గెడ బురదలో గుచ్చి చుట్ట ముట్టించేవాడు. చుట్ట సగమయ్యేసరికి గెడ మీద నీళ్లపైన వేలెడు తడి పట్టీ కనిపిస్తే, "పాటు తగిలింది, పదండి" అనేవాడు. ఆ పట్టీ ఆమెతో చూపించండి.

లంకగాలి:
యానాం, ఎదుర్లంక మధ్య వంతెన ఉంది కదా. బస్సెక్కి దాటేస్తాడు.

చుక్కాని:
వంతెన మీద వెళ్లినా కింద పారేది గోదారే. ప్రతిదానికీ అడ్డు పడాలని కూర్చున్నారా మీరు?

కాలవగట్టు:
గౌతమి సరే, మా సంగతేంటి? ధవళేశ్వరం నుంచి వచ్చిన కాలవలు మా ఊరికి రెండు పక్కలా పారుతున్నాయి. మా దాకా వస్తే పోటూ లేదు, పాటూ లేదు. అతను మా ఊళ్లో పడితే ఇక కదల్లేడు. దాళవా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు చూడండి, ఆ ఎండల్లో, అడుగున బురద పగుళ్లిచ్చినప్పుడు, అప్పుడు నడిచి దాటాలి. నేనైతే కథ అక్కడే మొదలుపెడతాను.

పూతరేకు:
ఆప్ గురించి ఎవరూ చెప్పలేదు. నేను ఒకదాంట్లో 60 భాగాలు రాశాను. ఒప్పందం చదవకుండా సరేనని నొక్కేశాను. ఇప్పుడు పుస్తకం వేద్దామంటే హక్కులు వాళ్లవేనట. రెండేళ్లు రాత్రిళ్లు కూర్చుని రాసింది. ఇప్పటికీ ఆ పేజీ తెరవలేను. ముందు ఒప్పందం ఎవరిచేతైనా చదివించండి.

మల్లెచెండు:
అయ్యో. మీ నవల పేరు చెప్పండి, చదువుతాను. రేవు గారూ, పిశాచి అనే అనండి, చెవికి బాగుంది.

కోటిపల్లి_రేవు:
కథని వంతెన కట్టకముందు రోజులకి జరిపేశాను. ఎండ మాత్రం మార్చను. మూడో భాగం చివర నిన్న రాత్రి ఇలా మార్చాను:
"పాటు మొదలైంది. ఇక తెల్లారుజాము దాకా నువ్వు ఆ ఒడ్డునే" అంది. గెడ బురదలోంచి పెరికి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది.

మల్లెచెండు:
బాగుంది. నాలుగో భాగంలో కూడా ఆ గెడ ఆమె భుజానే ఉండాలి.