కొలరాడో ప్రయోగం: ఒక్క సెట్టు చాలనడానికి అది రుజువా?

ఇనుపకండ:
"ఒక్కో వ్యాయామానికి ఒక్కటే సెట్టు, ఇంకో రెప్ లేవనంత వరకు చేస్తే చాలు" అనేవాళ్ళతో ఎప్పుడు వాదించినా మాట చివరికి 1973 దగ్గరే ఆగుతోంది. (రెప్ అంటే బరువును ఒకసారి ఎత్తి దించడం, ఆపకుండా వరసగా చేసే రెప్స్ కలిపితే ఒక సెట్టు.) తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. నాటిలస్ అనే కసరత్తు మెషీన్లు తయారుచేసిన ఆర్థర్ జోన్స్ ఆ ఏడాది మే నెలలో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో కేసీ వయేటర్ అనే బాడీబిల్డర్ చేత తన పద్ధతిలో 28 రోజులు కసరత్తు చేయించాడు. బరువు 45 పౌండ్లు పెరిగింది, కొవ్వు 18 పౌండ్ల దాకా తగ్గింది, కాబట్టి కండ 63 పౌండ్లు పెరిగినట్టే అని ప్రకటించాడు. అంటే 28 కిలోల పైమాటే!

ఇది రుజువు కాదని నా గట్టి నమ్మకం. వయేటర్ 1971లోనే, 19 ఏళ్ళకే, మిస్టర్ అమెరికా గెలిచిన మనిషి. 1973 మొదట్లో పనిచేసే చోట ప్రమాదం జరిగి వేలు తెగింది, ఆపైన ధనుర్వాతం రాకుండా ఇచ్చిన ఇంజెక్షన్ పడక ప్రాణం మీదికొచ్చింది. కసరత్తు ఆగిపోయి బాగా చిక్కిపోయాడు. ప్రయోగం మొదలయ్యే రోజుకు 167 పౌండ్లున్నవాడు ముగిసేసరికి 212కు వచ్చాడు. ఒకప్పుడు ఉండి పోయిన కండ త్వరగానే తిరిగొస్తుంది. దాన్ని కొత్తగా కట్టిన కండతో ఎలా పోలుస్తాం? పోల్చి చూడటానికి ఎక్కువ సెట్లు చేసే రెండో జట్టు కూడా లేదు. చేయించిందీ, ఫలితం చాటిందీ మెషీన్లు అమ్ముకునే మనిషే.

గోదారి_లిఫ్టర్:
అన్నా, వయేటర్ పోయిన కండే తిరిగి తెచ్చుకున్నాడన్నది జోన్స్ దాచిన విషయమేం కాదు. కానీ ఆ రోజుల సంగతి గుర్తు చేసుకోండి. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కాలంలో ఒక్కో కండరానికి ఇరవై సెట్లు, వారానికి ఆరు రోజులు, కొందరైతే రోజుకు రెండుసార్లు. మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు వందల్లో తీయించినట్టే, ఎక్కువ చేసినవాడే గట్టివాడు అన్న నమ్మకం. "తగ్గిస్తే ఏమవుతుంది?" అని గట్టిగా అడిగినవాడు జోన్స్. ఆ దారిలోనే మైక్ మెంట్జర్ అనే బాడీబిల్డర్ వచ్చాడు. అదే దారిలో డోరియన్ యేట్స్ 1992 నుంచి 1997 దాకా వరుసగా ఆరుసార్లు బాడీబిల్డింగ్‌లో పెద్ద పోటీ మిస్టర్ ఒలింపియా గెలిచాడు. ఆరు టైటిళ్ళు ఊరికే వస్తాయా?

ఇనుపకండ:
తమ్ముడూ, యేట్స్ చేసిందేమిటో చూడు. అసలు సెట్టు ఒక్కటే అయినా, దాని ముందు వార్మప్ సెట్లుండేవి. ఒక్కో కండరానికి మూడు నాలుగు వ్యాయామాలు. అన్నీ కలిపితే నువ్వు చెప్పే ఒక్క సెట్టు ఎక్కడ మిగిలింది? పైగా ఆర్నాల్డ్ ఏడుసార్లు గెలిచింది బోలెడు సెట్లతో. ఛాంపియన్లను చూపిస్తే ఇద్దరి వాదమూ నెగ్గుతుంది.

తగ్గించి చూద్దామన్నది కూడా జోన్స్‌తో మొదలవ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు థామస్ డెలార్మ్ అనే డాక్టరు పదేసి రెప్స్‌తో 7 నుంచి 10 సెట్లు చేయించాడు. తర్వాత, 1948లో వాట్కిన్స్‌తో కలిసి మూడు సెట్లు చాలన్నాడు. ఈ రోజుకీ జిమ్ములో "మూడు సెట్లు, పది రెప్స్" అని రాసిచ్చే కాగితానికి మూలం అదే. ఇక పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2010 విశ్లేషణలో ఒక్క సెట్టు కంటే ఎక్కువ సెట్లతోనే కండ ఎక్కువ పెరిగిందని తేలింది. 2017లో వచ్చిన మరో విశ్లేషణదీ ఇంచుమించు అదే మాట.

ఫిజియో_అక్క:
మీరిద్దరూ రెండు ప్రశ్నలను ఒకే మూటలో కట్టేస్తున్నారు. ఎన్ని సెట్లు అన్నది ఒకటి, మెషీన్ మంచిదా అన్నది ఇంకొకటి. జోన్స్ రెండూ కలిపి అమ్మాడు గనక మనమూ కలిపే వాదించాలని లేదు.

కసరత్తు యంత్రాలు ఆయనతో పుట్టలేదు. 1860లలోనే స్టాక్‌హోమ్‌లో గుస్తావ్ జాండర్ అనే డాక్టరు మీటలు, బరువులు ఉన్న యంత్రాలతో వైద్యం చేశాడు. కానీ జోన్స్ 1970లో మిస్టర్ అమెరికా పోటీ జరిగిన లాస్ ఏంజిలిస్‌కు తెచ్చిన మెషీన్ నిజంగా కొత్తది. బార్‌బెల్ కర్ల్ చేసేటప్పుడు గమనించండి. ముంజేయి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు బరువు బాగా లాగుతుంది, పైకి వచ్చేసరికి కండకు పనే ఉండదు. కోణాన్ని బట్టి కండ బలమూ మారుతుంది. అందుకని జోన్స్ గుండ్రటి కప్పీకి బదులు నత్తగుల్ల ఆకారంలో ఉన్న క్యామ్ పెట్టాడు. అది తిరిగేకొద్దీ ఇరుసు నుంచి చైను ఉన్న దూరం మారి, ప్లేట్లు మార్చకుండానే లోడ్ మారుతుంది.

అంతకంటే గొప్పది, చేతులను తల మీద నుంచి కిందికి లాగే పుల్‌ఓవర్ మెషీన్. పుల్లప్స్‌లో, రోయింగ్‌లో వీపు అలిసిపోకముందే చేతిపట్టు, బైసెప్స్ చేతులెత్తేస్తాయి. జోన్స్ లోడ్‌ను మోచేతుల మీద పెట్టేశాడు. దాంతో లాట్స్‌కు, అంటే వీపు పక్కల ఉండే పెద్ద కండరాలకు, నేరుగా పని పడింది. వేళ్ళలో పట్టు లేని పేషెంటు చేత కూడా వీపు కసరత్తు చేయించొచ్చు. అది చిన్న విషయం కాదు. ఈ ఆలోచన నిలబడటానికి 63 పౌండ్ల కథ అక్కర్లేదు.

గోదారి_లిఫ్టర్:
అక్కా, మెషీన్ సంగతి ఒప్పుకుంటాను. సెట్ల దగ్గర మాత్రం వెనక్కి తగ్గను. షిఫ్టు డ్యూటీ చేసే మనిషికి వారానికి రెండు రోజులే దొరుకుతాయి. గట్టిగా చేసిన ఒక్క సెట్టుతోనూ కండ పెరుగుతుందని అన్న చెప్పిన ఆ అధ్యయనాలే చూపిస్తున్నాయి కదా.

ఇనుపకండ:
పెరుగుతుంది, కాదనను. టైము లేనివాళ్ళకు నేనూ అదే చెప్తాను. నా గొడవల్లా "28 రోజుల్లో 28 కిలోలు" అన్న అంకె పట్టుకుని పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళకు ఆశ పెట్టే ట్రైనర్లతోనే. నెల తిరిగేసరికి ఆ కుర్రాడు అద్దంలో చూసుకుని తనలోనే లోపముందనుకుంటాడు, తర్వాత స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి అడుగుతాడు. ఆ అంకె చెప్పేవాళ్ళు వయేటర్ ప్రమాదం గురించి కూడా అదే నోటితో చెప్పాలి.