కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషి గురించి ఆన్‌లైన్‌లో రాయొచ్చా?

ఎక్స్ఛేంజ్ కౌంటర్ (ప్రశ్న)

అందరికీ వందనాలు. నేను బట్టల షాపులో రిటర్న్స్, ఎక్స్ఛేంజ్ చూస్తాను. కొన్న సంతోషమంతా బిల్లింగ్ వాళ్ల దగ్గరే అయిపోతుంది. మా దగ్గరికి వచ్చేవి సైజు సరిపోనివి, ఇంట్లో నచ్చనివి, డబ్బు అవసరపడి వెనక్కి తెచ్చినవి. ఈ మూడో రకం వాళ్లు అడక్కపోయినా కారణాలు చెప్తారు, అదీ ఒకటి కాదు.

షిఫ్ట్ అయ్యాక ఇంటికొచ్చి నాలుగు ముక్కలు రాసి ఆన్‌లైన్‌లో పెడుతుంటాను. విశ్వాసం గురించే, కానీ ప్రసంగాలు కావు. ఆదివారం షిఫ్ట్ పడితే ఆరాధన పోయిందే అన్న దిగులు, డిస్కౌంట్ బోర్డు కింద నిలబడి లోలోపల పాటలు పాడుకోవడం, టార్గెట్ కోసం "మీకు చాలా బాగుందండీ" అనాల్సి వచ్చినప్పుడు నోరు రాకపోవడం, ఇలాంటివి. చదివేది కొద్దిమందే. అందులో మా సంఘం వాళ్లూ ఉన్నారు, మా స్టోర్ వాళ్లూ ఉన్నారు.

ఈమధ్య ఒక అబ్బాయి తెల్ల చొక్కా వెనక్కి తెచ్చాడు. బిల్లు ఉంది, గడువు దాటలేదు. కానీ ట్యాగ్‌కి ఉండాల్సిన ప్లాస్టిక్ తీగ లేదు. దాని బదులు తెల్లదారం, ఎంతో ఓపిగ్గా వేసిన ముడి. కాలర్ లోపల సన్నగా చెమట గీత. ఒక్కసారి వేసుకుని ఉంటాడు, బహుశా ఏ ఇంటర్వ్యూకో. వాడింది తీసుకోకూడదని రూలు. సూపర్‌వైజర్‌ని పిలిచాను, ఆయన కాలర్ చూసి కుదరదన్నారు. అబ్బాయి వాదించలేదు. మడత చెడకుండా చొక్కాని కవర్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

దాని మీద రాసేశాను. ఈమధ్య ఏదీ అంత బాగా కుదరలేదు. "దిగంబరినైయుంటిని, నాకు బట్టలిచ్చితిరి" అన్న మత్తయి 25వ అధ్యాయం మాటతో ముగించాను. తీరా పోస్ట్ చేయబోతే చెయ్యి రాలేదు. పేరు రాయలేదు, ఎవరూ గుర్తుపట్టరు, నిజమే. కానీ ఆ అబ్బాయి నాతో చెప్పుకోని సంగతిని నేను ముడి చూసి కనిపెట్టి నలుగురికీ చెప్తున్నాను కదా. ఇది సాక్ష్యమా, చాడీనా? పాస్టర్ గారిని అడిగితే "ప్రార్థన చేసి నిర్ణయించుకోమ్మా" అన్నారు. చేశాను. పోస్ట్ చేయొచ్చనీ అనిపిస్తోంది, వద్దనీ అనిపిస్తోంది.

పాత ఫ్లోర్ మేనేజర్

సిస్టర్, ముందు ఉద్యోగం సంగతి. చేరినప్పుడు సంతకాలు పెట్టిన కాగితాల్లో సోషల్ మీడియా గురించి ఏమైనా ఉందేమో తీసి చదవండి. చాలామంది ఆ పేజీ చూడకుండానే సంతకం పెట్టేస్తారు.

మీరు అబ్బాయి గురించే ఆలోచిస్తున్నారు. అతన్ని ఎవరూ గుర్తుపట్టరు. కుదరదన్న సూపర్‌వైజర్‌ని మాత్రం మీ స్టోర్‌లో అందరూ గుర్తుపడతారు. ఆయన చేసింది రూలు ప్రకారం. పైగా పిలిచింది మీరే! మీ పోస్టులో ఆయన రాతిగుండెవాడిలా కనబడితే మర్నాడు మీ ఇద్దరూ ఒకే కౌంటర్లో ఎలా నిలబడతారు?

నన్నడిగితే వివరాలు మార్చి, కథ అని చెప్పి రాయండి. అలా చెప్పి రాస్తే అబద్ధం కాదు. ప్రభువు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడు ఏ ఊరివాడని ఆయన్ని ఎవరూ అడగలేదు.

కౌంటర్‌కి ఇవతలి వైపు

నేను చర్చికి వెళ్లను. కానీ ఒకప్పుడు అచ్చం అలాగే చొక్కా వెనక్కి ఇచ్చినవాణ్ణి. నా దగ్గర తీసుకున్నారు. అక్కడి అమ్మాయికి దారం కనబడింది, కనబడినట్టు నాకూ తెలిసింది, ఇద్దరం మాట్లాడలేదు. ఆవిడ ఇంటికెళ్లి రాసుకుందని ఇప్పుడు తెలిసినా నాకేం బాధ లేదు. చివర్లో వాక్యం తగిలించిందంటే మాత్రం ఒళ్లు మండుతుంది. నేను దిగంబరిని కాను. ఇంట్లో చొక్కాలున్నాయి, ఇంటర్వ్యూకి పనికొచ్చేది లేదు, అంతే.

సండేస్కూల్ టీచర్

అమ్మా, పెద్దదాన్ని కాబట్టి చనువు తీసుకుంటున్నాను. ఆ వాక్యం దగ్గర నేనూ ఆగిపోయాను. మత్తయి 25లో బట్టలిచ్చినవాళ్లకు తాము ఇచ్చిన సంగతే తెలీదు, ఎప్పుడు ఇచ్చామని ప్రభువునే అడుగుతారు. ఇక్కడేమో చొక్కా తీసుకోనేలేదు, దాని మీద పోస్టు మాత్రం తయారైంది. ఆ మాట నీ పక్షాన పలుకుతోందా, నీ మీద పలుకుతోందా చూసుకో.

కొనుగోళ్ల గురించి ఎలా రాయాలో బైబిల్లో సామెతలు 20:14 చూడు: "కొనువాడు జబ్బుది జబ్బుది అనును, అవతలికి వెళ్లి దాని మెచ్చుకొనును." బేరమాడేవాడి నాటకమంతా అందులో ఉంది. వాణ్ణి తిట్టలేదు, వాడి మీద జాలీ పడలేదు.

టార్గెట్ కోసం పొగడటానికి నోరు రావట్లేదన్నావు, రాకపోవడమే మంచిది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో క్వేకర్లనే క్రైస్తవ శాఖ వ్యాపారులు "అవునంటే అవును, కాదంటే కాదు" అన్న ప్రభువు మాట పట్టుకుని బేరాలే మానేశారు. ఎక్కువ చెప్పి తగ్గించడం కూడా అబద్ధమేనని, అందరికీ ఒకే ధర చెప్పేవారు. నువ్వు రోజూ స్కాన్ చేసే ధర చీటీకి వాళ్లూ పూర్వికులే.

ఆదివారం షిఫ్ట్ గురించి కూడా మరీ కుంగిపోకు. క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమన్ అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును స్తుతిస్తూ పాడేవారని ఉంది. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినం చేసింది 321లో. అంతదాకా ఎంతమంది ఆరాధన ముగించుకుని నేరుగా పనికి పరుగెత్తారో!

ఎక్స్ఛేంజ్ కౌంటర్

అందరికీ థ్యాంక్స్. ఇవతలి వైపు అన్నా, మీరు అన్నాక ఆ వాక్యం తీసేశాను. కాసేపు పోస్టు బోసిగా అనిపించింది. తర్వాత చూస్తే ఆ ఒక్క మాటే కాదు, దానికోసం నేను పైనంతా కట్టుకొచ్చిన రెండు పేరాలు కూడా అనవసరమే అనిపించి అవీ కొట్టేశాను. మిగిలింది కొంచెమే.

టీచర్ గారూ, నా మీదే పలుకుతోంది. దాని గురించి వేరేగా రాయాలి, బహుశా ఆన్‌లైన్‌లో కాదు.

సూపర్‌వైజర్ గారి కోణం నాకు తట్టనేలేదు. ఆయనకే చూపించి అడుగుతాను. వద్దంటే పెట్టను.

పాత ఫ్లోర్ మేనేజర్

క్యాష్ టాలీ అయ్యాక అడగండి సిస్టర్. అంతకుముందు అడిగితే ఏ సూపర్‌వైజరైనా వద్దనే అంటాడు.