పెంట్‌హౌస్‌కి 452 నోటీసు వచ్చింది: మనమే తీసేయాలా, బీఆర్‌ఎస్ మీద ఆశ పెట్టుకుని ఆగాలా?

నాగోల్ ఇల్లు:
అందరికీ నమస్కారం. నాగోల్ దగ్గర 200 గజాల్లో జీ ప్లస్ టూ ఇల్లు 2018లో రీసేల్‌లో కొన్నాం. ప్లాన్ 2013 నాటిది. పైన పెంట్‌హౌస్ మేం కొనేటప్పటికే ఉంది. ఒక బెడ్‌రూమ్, హాలు, కిచెన్. రేకుల షెడ్డు కాదు, ఆర్‌సీసీ స్లాబే. అమ్మినాయన బీఆర్‌ఎస్‌కి (పార్టీ కాదు, 2015లో వచ్చిన బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము) దరఖాస్తు పెట్టి డబ్బు కట్టిన రసీదు చేతిలో పెట్టి, "ఇక రెగ్యులరైజ్ అయినట్టే" అన్నాడు.

ఇప్పుడు తూర్పు పక్కింటివాళ్లు ప్రజావాణిలో ఫిర్యాదు ఇచ్చారు. చైన్‌మన్ (టౌన్‌ప్లానింగ్‌లో కొలతలు తీసే ఉద్యోగి) వచ్చి టేపుతో కొలిచి, ఫోటోలు తీసుకుని వెళ్లాడు. తర్వాత గేటుకి నోటీసు అంటించారు. హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చట్టం సెక్షన్ 452 కింద షోకాజ్. అందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, పై అంతస్తుకి అనుమతి లేదు. రెండు, తూర్పు వైపు మీటరు సెట్‌బ్యాక్ (హద్దుకీ ఇంటి గోడకీ మధ్య వదలాల్సిన ఖాళీ) ఉండాల్సిన చోట 75 సెంటీమీటర్లే ఉంది.

ఇంట్లో రెండు వర్గాలయ్యాయి. పెదనాన్న "తీసిపారేయ్, ప్రశాంతంగా ఉంటాం" అంటున్నాడు. బావమరిది కోర్టు అంటున్నాడు. పెంట్‌హౌస్ అద్దె మీద మా ఈఎంఐలో కొంత నడుస్తోంది. పైగా ప్రాపర్టీ టాక్స్ బిల్లులో ఆ అంతస్తుకి ఏటా డబుల్ వేస్తున్నారు. పన్ను వసూలు చేస్తూ కూల్చమనడం ఏం న్యాయం? మీరేమంటారు?

గల్లీ రాజు:
అన్నా, అస్సలు ముట్టుకోకు. నీ గల్లీల పెంట్‌హౌస్ లేని ఇండ్లు ఎన్నున్నయో ఒకసారి లెక్కపెట్టు. మా ఉప్పల్ దిక్కు లైనుకు లైను ఉన్నయి. నోటీసుకు జవాబు ఇయ్యి, మంచి వకీలును పట్టుకో, స్టే తెచ్చుకో. 2007ల బీపీఎస్ (జరిమానా కట్టించుకుని రెగ్యులరైజ్ చేసే స్కీము) వచ్చింది, అప్పుడు కూడా ఇదే ఆఖరి చాన్స్ అన్నరు. 2015ల బీఆర్‌ఎస్ వచ్చింది. మళ్ల రాదని ఎవరు రాసిచ్చిన్రు? ఈ ఊర్ల ఆగినోడే గెలిచిండు. భయపడి కూలగొట్టుకున్నోని ముంగట పక్కింటోడు ఇంకో అంతస్తు లేపుకున్నడు.

స్కేలూ పెన్సిలూ:
నేను ప్లాన్లు గీసే పనిలో ఉన్నాను. నోటీసులో ఉన్న రెండు విషయాల్ని కలిపి చూడకండి. రెంటికీ దారులు వేరు.

ముందు టాక్స్ సంగతి. జీహెచ్‌ఎంసీ చట్టంలో 220-ఏ అని ఒక సెక్షన్ ఉంది. అనుమతి ఉన్న అంతస్తులో సెట్‌బ్యాక్ ఉల్లంఘన పది శాతంలోపు ఉంటే పన్ను మీద 25 శాతం పెనాల్టీ, అంతకు మించితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకి 100 శాతం. మీ డబుల్ బిల్లు ఇదే. ఈ పెనాల్టీ కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయినట్టు కాదని అదే సెక్షన్ చెబుతుంది. కాబట్టి "పన్ను కడుతున్నా కదా" అన్న వాదన జవాబులో రాయకండి. అక్రమమని మీకు ముందే తెలుసని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

సెట్‌బ్యాక్‌కి మాత్రం దారి ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం, ఎత్తైన భవనాలు కాని వాటిలో ముందు వైపు తప్ప మిగతా వైపుల పది శాతం వరకు తేడా ఉంటే, ఆ మేరకు ఉల్లంఘించిన విస్తీర్ణానికి రిజిస్ట్రేషన్ శాఖ భూమి విలువ లెక్కన జరిమానా కట్టించుకుని మన్నించవచ్చు. మీటరులో పది శాతమంటే పది సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు. మీకు పోయింది పాతిక. పైకి చూస్తే ఈ రూలులో ఇమడదు.

అయితే ఒక ప్రశ్న. చైన్‌మన్ టేపు ఎక్కణ్ణించి పట్టాడు? సెట్‌బ్యాక్ కొలవాల్సింది స్థలం హద్దు నుంచి. తూర్పు కాంపౌండ్ గోడ మీ స్థలంలోనే కట్టుకున్నదైతే, గోడ లోపలి ముఖం నుంచి కొలిస్తే తొమ్మిదంగుళాల గోడ మందం లెక్కలోకి రాకుండా పోతుంది. అది దాదాపు 23 సెంటీమీటర్లు. సేల్ డీడ్ కొలతలు పట్టుకుని లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో మళ్లీ కొలిపించండి.

మల్కాజిగిరి అక్క:
ఫిర్యాదు చేసినవాళ్ల తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. నేను అటువైపు మనిషిని. మా పక్కింట్లో ఇలాగే పెంట్‌హౌస్ వేశారు. వాళ్ల వర్షపు పైపు మా వైపు గోడకి బిగించారు, కింద మోచేయి వంపు పెట్టలేదు. జూలై వచ్చిందంటే ఆ నీళ్లన్నీ నేరుగా మా బాత్రూం వెంటిలేటర్ మీద పడతాయి. ఏసీ బయటి యూనిట్ వేడిగాలి మా వంటింటి కిటికీలోకి వస్తుంది. మధ్యలో ఉన్న సందులోకి ప్లంబర్ నిచ్చెన కూడా వేసుకోలేడు. సెప్టిక్ పైపు పగిలితే ఆరు నెలలు వాసన భరించాం.

రాజు తమ్ముడూ, "అందరూ కట్టారు" అంటున్నావు. మేం కట్టలేదు. మా మామగారు మూడు వైపులా వదలాల్సింది వదిలి కట్టారు. ప్రతి స్కీమూ వచ్చినప్పుడు ఆయన్ని చూసి చుట్టాలు నవ్వేవాళ్లు. వదిలినవాడు అమాయకుడు, ఆక్రమించినవాడు తెలివైనవాడు అని సర్కారే సర్టిఫికెట్ ఇస్తే ఎలా?

గల్లీ రాజు:
అక్కా, నీ బాధ నిజమే. కానీ సెటిల్ చేసుకోవాల్సింది పైపు, కూలగొట్టాల్సింది ఇల్లు కాదు. ఆ నాగోల్ అన్న పైపు తిప్పి, ఏసీ జరిపి, పక్కింటాయనతో చాయ్ తాగితే ఫిర్యాదు వాపస్ తీసుకుంటడు.

స్కేలూ పెన్సిలూ:
మాట్లాడుకోవడం మంచిదే. కానీ ఫిర్యాదు వాపసు తీసుకున్నంత మాత్రాన నోటీసు రద్దు కాదు. నోటీసు ఇచ్చింది పక్కింటాయన కాదు కదా.

అసలు ముడి బీఆర్‌ఎస్ దగ్గరుంది. ఆ స్కీముకి కటాఫ్ తేదీ 2015 అక్టోబర్ 28. ఆ తేదీకి పెంట్‌హౌస్ ఉండి ఉండాలి, దరఖాస్తులో దాన్ని చూపించి ఉండాలి. పాత దరఖాస్తు ప్రింటవుట్ తీసి, అందులో ఎన్ని అంతస్తులు రాశారో చూడండి. రసీదు ఒక్కటే చాలదు. గూగుల్ ఎర్త్ డెస్క్‌టాప్ వెర్షన్‌లో గడియారం గుర్తు నొక్కితే పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు వస్తాయి. మీ టెర్రస్ మీద గది నీడ ఎప్పటి నుంచి కనిపిస్తుందో చూడండి. పక్కింటాయన ఇప్పటికే చూసి ఉంటాడు. ఫిర్యాదులకి అవే జతచేస్తున్నారు ఈ మధ్య.

నాగోల్ ఇల్లు:
చూశాను సార్. 2016 వేసవి చిత్రంలో టెర్రస్ ఖాళీగా ఉంది. నీళ్ల ట్యాంకు, మెట్ల గది తప్ప ఏమీ లేవు. దరఖాస్తులో జీ ప్లస్ టూ, సెట్‌బ్యాక్ అని మాత్రమే ఉంది. పెంట్‌హౌస్ మాటే లేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం లేదు.

తూర్పు గోడ మాత్రం మీరన్నట్టే. డీడ్ ప్రకారం గోడ మా స్థలంలోనే ఉంది. సర్వేయర్ కొలిస్తే హద్దు నుంచి 98 సెంటీమీటర్లు వచ్చింది.

స్కేలూ పెన్సిలూ:
అయితే సెట్‌బ్యాక్ దాదాపు తేలిపోయినట్టే. రెండు సెంటీమీటర్లు, మన్నించదగ్గ పది సెంటీమీటర్లలోపే ఉంది. జవాబుతో పాటు సర్వే స్కెచ్, డీడ్ కాపీ జతచేసి, జీవో 168 కింద మన్నించమని విడిగా అడగండి. ఆ రూలు సెట్‌బ్యాక్‌కే పనికొస్తుంది, అదనపు అంతస్తుకి కాదు.

రిట్ పిటిషన్:
ఇప్పటిదాకా ఊరికే చదువుతున్నా. నాగోల్ గారూ, ఇప్పుడు మీ పరిస్థితి మొదటి పోస్టులో ఉన్నది కాదు. బీఆర్‌ఎస్ అడ్డు పెట్టుకునే అవకాశం పెంట్‌హౌస్‌కి లేదు. ఒకవేళ దరఖాస్తులో ఉన్నా ఒరిగేది తక్కువే. 2016లో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) పడ్డాక, దరఖాస్తులు పరిశీలించవచ్చు గానీ క్రమబద్ధీకరణ ఉత్తర్వులు ఇవ్వొద్దని హైకోర్టు చెప్పింది. లక్షకు పైగా దరఖాస్తులు అలాగే ఇరుక్కుపోయాయి.

రాజు గారు చెప్పిన "మళ్లీ స్కీము" గురించి. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, మీరట్ నుంచి వచ్చిన ఒక కేసులో తీర్పు ఇస్తూ, ఇలాంటి స్కీములు అసాధారణ పరిస్థితుల్లోనే, అదీ నివాస గృహాలకి ఒక్కసారి చర్యగానే ఉండాలని చెప్పింది. బ్యాంకులు కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే ఆ భవనం మీద అప్పు ఇవ్వాలని కూడా చెప్పింది. రేపు మీరు అమ్మాలన్నా కొనేవాడి బ్యాంకు ముందు అడిగేది ఇదే.

కోర్టుకి వెళ్లొద్దని నేను అనడం లేదు. మీకు హక్కులున్నాయి. అదే ఏడాది నవంబర్‌లో బుల్డోజర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి, ఆ తర్వాత కూడా మీరే తీసుకోవడానికో అప్పీలుకో ఇంకో 15 రోజులు ఉండాలి. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి చోట్ల కట్టినవాటికి ఇది వర్తించదు. మీది సొంత స్థలం కాబట్టి వర్తిస్తుంది. జవాబు చూడకుండా కూల్చడానికి వస్తే హైకోర్టు ఆపుతుంది. కానీ ఎక్కువ కేసుల్లో "వివరణ పరిశీలించి ఉత్తర్వు ఇవ్వండి" అని వెనక్కి పంపుతుంది. వివరణలో పస లేకపోతే మళ్లీ మొదటికే. స్టే టైమిస్తుంది, ప్లాన్ ఇవ్వదు.

గల్లీ రాజు:
టైమే కావాలె కదా సారూ! అద్దె వస్తుంటది, ఈఎంఐ నడుస్తుంటది. ఐదేండ్లు గడిస్తే లోన్ అయిపోవచ్చు.

రిట్ పిటిషన్:
వకీలు ఫీజు, ఏటా డబుల్ టాక్స్, ప్రతి వానాకాలం పక్కింటాయన కొత్త ఫిర్యాదు, అన్నీ కలిపి లెక్క వేయండి. ఇంకోటి, 2016 చిత్రం చేతిలో పెట్టుకుని "ఇది 2015కి ముందే ఉంది" అని అఫిడవిట్ వేయమని ఎవరైనా సలహా ఇస్తే అక్కణ్ణించి లేచి వచ్చేయండి. అబద్ధం బయటపడితే కేసు పోతుంది, పరువూ పోతుంది.

మల్కాజిగిరి అక్క:
పైన అద్దెకున్నవాళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. పిల్లల స్కూలు సంవత్సరం మధ్యలో ఉంటే? నాగోల్ తమ్ముడూ, ఏం చేసినా వాళ్లకి ముందే చెప్పు, అడ్వాన్స్ వెనక్కివ్వు.

పేట బాబాయ్:
కొన్నవాడి తప్పేముంది ఇందులో? అమ్మినవాణ్ని వదిలేస్తారా? సేల్ డీడ్ షెడ్యూల్‌లో పెంట్‌హౌస్ కొలత రాశారా చూడు బాబూ. రాస్తే, అనుమతి లేనిదాన్ని అమ్మాడని సివిల్ దావా వేయొచ్చు. డీడ్‌లో "ఏ చిక్కులొచ్చినా నేనే బాధ్యుణ్ని" అనే మాట మామూలుగా ఉంటుంది. అది ఇలాంటప్పుడే పనికొస్తుంది.

రిట్ పిటిషన్:
బాబాయ్ చెప్పింది నిజమే. కానీ ఆ గొడవ వేరే ట్రాక్‌లో నడవాలి. నోటీసు భవనానికి వస్తుంది, అంటే ఇప్పుడున్న యజమానికి. "నేను కట్టలేదు" అనడం జాలి తెప్పిస్తుందేమో గానీ, కట్టడాన్ని కాపాడదు. అమ్మినాయనకి లీగల్ నోటీసు మాత్రం ఈ వారమే పంపండి, కాలపరిమితి దాటిపోకుండా.

నాగోల్ ఇల్లు:
షెడ్యూల్‌లో "జీ ప్లస్ టూ మరియు టెర్రస్ హక్కులు" అని రాసుంది. పెంట్‌హౌస్ పేరు లేదు. తెలివిగానే రాయించాడు.

ఇంట్లో మాట్లాడుకున్నాం. నా అభిప్రాయం పెదనాన్న వైపే మొగ్గుతోంది. రాజు అన్నా, నువ్వన్నది నిజం, మా గల్లీలో ఇంకా చాలా ఉన్నాయి, వాళ్ల గేట్లకి ఏ కాగితమూ లేదు. ఆ కోపం నాకూ ఉంది. అయితే వాళ్లని చూపించి నా కేసు గెలవలేను, వాళ్లకి కూడా నోటీసులు తెప్పించగలనంతే. సెట్‌బ్యాక్‌కి మన్నింపు అడుగుతాం. పెంట్‌హౌస్‌కి మేమే తీసేస్తామని రాసి, అద్దెవాళ్ల పిల్లల పరీక్షలయ్యే వరకు గడువు అడుగుతాం. ఇవ్వకపోతే అప్పుడు కోర్టు.

స్లాబ్ ఎలా తీయిస్తారు? కింద మేమే ఉంటున్నాం.

గల్లీ రాజు:
నేనైతే తియ్య. నీ ఇష్టం అన్నా. గడువు అడిగిన లెటర్‌కి మాత్రం ఇన్‌వార్డ్ నంబర్, ముద్ర వేయించుకో. నోటిమాట నమ్మకు.

స్కేలూ పెన్సిలూ:
బ్రేకర్ మెషిన్‌తో కొట్టించకండి. ఆ అదురుకి రెండో అంతస్తు సీలింగ్‌లో పగుళ్లు వస్తాయి, వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. డైమండ్ కట్టర్‌తో స్లాబ్‌ని ముక్కలుగా కోయించి దింపించండి. ఖర్చు ఎక్కువే, కానీ కింది అంతస్తు దక్కుతుంది. కోసేముందు కింద జాకీలు పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి ఒకసారి చూపించండి. గోడల ఇటుకలు ముందు, స్లాబ్ తర్వాత అని కొందరు మేస్త్రీలు మొదలుపెడతారు. ఒప్పుకోవద్దు, స్లాబే ముందు దిగాలి. మెట్ల గది, ఓవర్‌హెడ్ ట్యాంకు భవనం ఎత్తు లెక్కలోకి రావు, వాటిని ఉంచేయండి. పని మొదలుకి ముందు, అయ్యాక, తేదీ పడేలా ఫోటోలు తీసి ఆఫీసులో ఇవ్వండి. ఆ తర్వాత ప్రాపర్టీ టాక్స్ సెక్షన్‌లో రీఅసెస్‌మెంట్‌కి విడిగా దరఖాస్తు పెట్టండి. పెంట్‌హౌస్ లేకపోయినా, అడగకపోతే బిల్లులో ఆ పెనాల్టీ అలాగే వస్తుంటుంది.