చూపు లేకుండా క్యానింగ్: సీసాలో ఖాళీ కొలవడం ఎలా?

నాకు చూపు బొత్తిగా లేదు. పండ్లు, జామ్‌లు గాజు సీసాల్లో పోసి, మరిగే నీళ్లలో ఉంచి నిల్వ చేయడం బాగానే అలవాటైంది. చల్లారాక మూత నడుమ వేలితో నొక్కుతాను. టిక్కుమని కిందికీ పైకీ ఆడిందంటే మూత గట్టిగా పట్టలేదన్నమాట, ఆ సీసా ఫ్రిజ్‌లోకే.

తిప్పలు పెడుతున్నది పైన వదలాల్సిన ఖాళీ. జామ్‌కి పావు అంగుళం, పండ్లకి అరంగుళం. సీసా కాలిపోతుంటుంది, వేలు పెట్టే వీల్లేదు. మెట్లుమెట్లుగా ఉండే ప్లాస్టిక్ కొలబద్ద ఎవరైనా వాడారా? అంచు తగిలినట్టు చేతికి తెలుస్తుందా? లేక మాట్లాడే కాటా మీద పెట్టి తూకంతో నింపడమే నయమా?

"చూపున్నవాళ్లని పక్కన పెట్టుకో" అనే సలహా మాత్రం వద్దండి, ఇంట్లో రోజూ వినేదే.

ఇంకొకటి. కూరగాయల్లో ఆమ్లం తక్కువ, పీహెచ్ 4.6 దాటుతుంది. బాటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం ప్రమాదం ఉంది కాబట్టి ప్రెషర్ క్యానర్ (ఆవిరి ఒత్తిడితో మరిగే నీళ్లకన్నా ఎక్కువ వేడిలో సీసాలను ఉంచే పాత్ర) తప్పదు. ఒత్తిడి చూపే ముల్లు తిరిగే డయల్ నాకెలాగూ పనికిరాదు. బరువు ఊగుతూ చప్పుడు చేసే రకం కొందామని ఉంది. ఆ చప్పుడు మీదే ఆధారపడి నడిపినవాళ్లున్నారా? మంట ఎక్కువైతే చప్పుడులో తేడా తెలుస్తుందా? పక్కన ఫ్యాన్ తిరుగుతున్నా వినపడుతుందా?