దాడి తర్వాత క్వియర్ సమాజం కోసం కథల సంకలనం: డబ్బు ఎవరికి, ఏ దారిన?

అచ్చుతప్పు:
క్వియర్ జనం (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు తదితరులు) కలుసుకునే చోటి మీద దాడి జరిగాక, బాధితులకు ఆసరాగా కథలు, కవితలతో ఒక సంకలనం తేవాలనుకుంటున్నాం. సంపాదకులు ముగ్గురు, రచయితలు 20 మంది దాకా, మొత్తం 60,000 పదాలు. ముందు కిండిల్‌లో ఈ-బుక్, తర్వాత ప్రింట్ ఆన్ డిమాండ్ (ఆర్డరు వచ్చాకే అచ్చువేసే పద్ధతి). పారితోషికం వద్దని చాలామంది ముందే చెప్పేశారు. జనం మరచిపోకముందే, రెండు నెలల్లో తెచ్చేయాలని ఒక సంపాదకుడి పట్టు.

తేలనివి ఇవి. డబ్బు బాధితుల నిధికి ఇవ్వాలా, క్వియర్ సంస్థకి ఇవ్వాలా? రాయల్టీ మాలో ఒకరి ఖాతాలో పడి అక్కణ్నుంచి వెళ్తే ఇబ్బందా? అట్ట మీద "లాభాలన్నీ విరాళం" అని వేస్తే సరిపోతుందా? కలం పేరుతో రాసేవాళ్లు నలుగురైదుగురున్నారు, వాళ్ల విషయంలో అదనంగా ఏం చూసుకోవాలి? రచనలకు ప్రకటన వచ్చే వారం ఇద్దామనుకుంటున్నాం.

కాగితంపడవ:
ప్రకటన వచ్చే వారం వద్దండి. డబ్బు ఎవరికో కాగితం మీద తేలనిదే ఒక్క కథ కూడా అడగకండి. ఫలానా సంస్థకని నమ్మే రచయిత కథ ఇస్తారు. తర్వాత సంస్థను మారిస్తే 20 మందినీ మళ్లీ అడగాలి. ఇద్దరు కాదన్నారంటే ఆ రెండు కథలూ తీసేసి, విషయసూచిక నుంచి పేజీలన్నీ మళ్లీ కట్టుకోవాలి.

నిధా, సంస్థా అన్నది మనసుతో కాదు, క్యాలెండరు చూసి తేల్చుకోవాలి. 2016 జూన్ 12న అమెరికాలో ఓర్లాండోలోని పల్స్ అనే క్వియర్ నైట్‌క్లబ్‌లో 49 మంది హతులయ్యారు. నగర మేయర్ చొరవతో పెట్టిన వన్‌ఓర్లాండో నిధి ఆ సెప్టెంబరు నెలాఖరుకే బాధితులకు చెల్లింపులు మొదలుపెట్టింది. అదే ఘటన మీద ఐడీడబ్ల్యూ, డీసీ అనే కామిక్స్ ప్రచురణ సంస్థలు చేతులు కలిపి తెచ్చిన 144 పేజీల కామిక్స్ సంకలనం అంగళ్లకు వచ్చింది డిసెంబరు చివర్లో. అంత పెద్ద కంపెనీలకే ఆరు నెలలు పట్టింది. బాధితుల నిధికి దరఖాస్తు గడువుంటుంది, పంపకం ఉంటుంది, ఆ తర్వాత మూతపడుతుంది. పుస్తకం డబ్బు రెండేళ్ల పాటు చుక్కచుక్కగా వస్తుంది. ఈ రెంటికీ పొంతన కుదరదు. నిధికి ఇవ్వాలనుంటే ఎవరికి వారు ఇవాళే నేరుగా ఇచ్చేయండి. పుస్తకం డబ్బు మాత్రం ఏళ్ల తరబడి కౌన్సెలింగ్, న్యాయసాయం, తలదాచుకునే చోటు చూపించే సంస్థకి.

ఏ సంస్థ అన్నది ఇంకో ముడి. పల్స్‌లో ఆ రాత్రి లాటిన్ నైట్. చనిపోయినవాళ్లలో అత్యధికులు లాటినో మూలాలవాళ్లే, అందులోనూ ప్యూర్టోరికన్లు చాలామంది. అలాంటి చోట స్పానిష్‌లో కౌన్సెలింగ్ చేసే చిన్న స్థానిక సంస్థను వదిలేసి, పేరు అందరికీ తెలుసు కదా అని జాతీయ సంస్థకి పంపితే దెబ్బ తగిలిన చోటికి మందు చేరదు. మీ విషయంలో కూడా దాడికి గురైంది ఎవరు, వాళ్ల భాషలో, వాళ్ల పేటలో పనిచేస్తున్నది ఎవరు అని వెతకండి.

సంస్థ దొరికాక వాళ్లకు రాసే ఉత్తరంలో పేరు, లోగో వాడుకోనిస్తారా, ఈ డబ్బును ఫలానా పనికే ఖర్చుపెట్టాలని షరతు పెడితే తీసుకుంటారా, రసీదు ఎవరి పేరిట ఇస్తారు అని అడగండి. ఎంత రావచ్చన్న అంచనా మీరే చెప్పండి, తక్కువ చేసే చెప్పండి. సంస్థ మూతపడితే డబ్బు ఎవరికన్నది కూడా అప్పుడే రాసుకోండి. కొన్ని సంస్థలు పేరు వాడొద్దంటాయి. ముందే తెలియడం నయం, అట్ట వేశాక తెలిస్తే ఆదిలోనే హంసపాదు.

లెక్కలచిట్టా:
అట్ట మీది మాట గురించి. "లాభాలన్నీ" అన్నది చెల్లదు. ఏది లాభం? అట్ట బొమ్మ ఖర్చు, ప్రకటనల ఖర్చు తీసేశాకా, ముందా? బ్రిటన్‌లో అమ్మకం మీద విరాళం ప్రకటించే వ్యాపారికి, ఆ సంస్థకి మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలని, సంస్థకి ఎంత వెళ్తుందో కొనేవాడికి చెప్పాలని 1992 చారిటీస్ చట్టంలోనే ఉంది. అమెరికాలో ఇది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, కొన్నిచోట్ల ముందస్తు రిజిస్ట్రేషన్ కూడా కావాలి. చట్టం ఎలా ఉన్నా, వాక్యం ఇలా ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు: "అమ్ముడైన ఒక్కో ప్రతి మీద అమ్మకందారు ప్రచురణకర్తకు చెల్లించే రాయల్టీ మొత్తం, ఖర్చులేవీ మినహాయించకుండా, ఫలానా తేదీ వరకు ఫలానా సంస్థకు వెళ్తుంది." ఎంత భాగం, ఏ మొత్తంలోంచి, ఎప్పటివరకు, ఎవరికి. ఈ నాలుగూ ఉంటే చాలు. అట్ట, ఐఎస్‌బీఎన్ లాంటి ఖర్చులకు విడిగా చందా వేసుకోండి, ఆ చిట్టా కూడా బయట పెట్టండి.

ధర దగ్గర చాలామంది బోల్తా పడతారు. సేవ కదా, చౌకగా పెడదాం అని 0.99 డాలర్లు పెడతారు. కేడీపీలో (కిండిల్ పుస్తకాలు ఎవరికి వారే ప్రచురించుకునే అమెజాన్ వేదిక) 70 శాతం రాయల్టీ 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధరకే, దాని కింద 35 శాతమే. అంటే ప్రతికి 35 సెంట్లు, 400 ప్రతులు అమ్మితే 139 డాలర్లు. అదే 4.99 పెట్టి, ఫైలు 3 ఎంబీ అయితే, ఎంబీకి 15 సెంట్ల చొప్పున డెలివరీ ఖర్చు 45 సెంట్లు పోను మిగిలిన 4.54లో 70 శాతం, ప్రతికి 3.18. 400 ప్రతులకు 1,271 డాలర్లు. పది పెద్ద ఫొటోలు దూర్చి ఫైలును 12 ఎంబీ చేశారో, ప్రతికి 2.23కి పడిపోతుంది. బొమ్మలు కుదించాకే ఎక్కించండి.

ఖాతా సంగతి. కేడీపీ ఒక ఖాతాకే చెల్లిస్తుంది, నలుగురికి పంచి ఇవ్వదు. ఆ ఖాతాదారుకి అది ఆదాయం, పన్ను లెక్కలోకి వస్తుంది. ఎంత విరాళమిచ్చినా ఆ భారం తగ్గుతుందా లేదా అన్నది వాళ్ల దేశపు చట్టం మీద ఉంటుంది, కాబట్టి ఖాతా ఎవరిదో తేల్చేముందే ఆడిటరును కలవండి. ఖాతాదారు అమెరికా బయటివాళ్లయితే, వాళ్ల దేశానికి పన్ను ఒప్పందం లేకపోయినా, ఉండీ ట్యాక్స్ ఇంటర్వ్యూలో (కేడీపీ ఖాతాలో నింపే పన్ను వివరాలు) దాన్ని నింపకపోయినా, అమెరికా అమ్మకాల రాయల్టీలో 30 శాతం మూలంలోనే కోసేస్తారు. సంస్థే తన పేరిట ఖాతా తెరిస్తే ఈ గొడవ ఉండదు. కానీ అప్పుడు ప్రచురణకర్త వాళ్లే అవుతారు, పుస్తకంలోని ప్రతి వాక్యానికీ బాధ్యత వాళ్లదే. అందుకే ఒప్పుకునేవాళ్లు తక్కువ.

డబ్బు వచ్చేది నెల ముగిసిన సుమారు 60 రోజులకు. జనవరి అమ్మకాలు మార్చి చివర్లో. "వారంలో వెయ్యి డాలర్లు పంపాం" అని సోషల్ మీడియాలో వేయకండి, రిటర్న్‌లు కూడా పోవాలి. మూడు నెలలకోసారి పంపండి. స్టేట్‌మెంటు, బ్యాంకు బదిలీ, సంస్థ రసీదు మూడూ ఒకే పేజీలో రచయితలందరికీ చూపించండి, ఖాతా నంబర్లు కొట్టేసి.

అచ్చుతప్పు:
ధర విషయం అర్థమైంది, 4.99 ఖాయం. ప్రకటన ఆపాం. ఇంకో సందేహం: మొదటి పేజీలో చనిపోయినవాళ్ల పేర్లన్నీ వేసి అంకితమిద్దామని ఒక ఆలోచన ఉంది. దాడినే కళ్లకు కట్టినట్టు రాసిన కథలు కూడా కొన్ని చేరాయి. ఏం చేయాలి?

మూడోప్రూఫు:
పేర్ల పేజీ ఆపండి. దాడి జరిగిన రోజున పత్రికల్లో వచ్చే పేర్లు పోలీసు రికార్డులవి. చనిపోయినవాళ్లలో ట్రాన్స్ వ్యక్తులుంటే, వాళ్లు ఎప్పుడో వదిలేసిన పాత పేరు, తప్పు లింగం అందులో ఉంటాయి. మీ పుస్తకం వాటిని శాశ్వతంగా అచ్చేస్తుంది. కొందరి సంగతి ఇంట్లో తెలిసి ఉండకపోవచ్చు కూడా. కుటుంబం, స్నేహితులు ఇద్దరూ సరేనన్న పేర్లే వేయాలి, లేదా "ఆ రాత్రి మనం కోల్పోయినవాళ్లందరికీ" అంటే చాలు. సంస్థ దగ్గర సరైన జాబితా ఉంటుంది, వాళ్లనే అడగండి.

దాడి కథలు వద్దు. నిక్కచ్చిగా చెప్తున్నాను. తుపాకీ శబ్దం, నేల మీద నెత్తురు, తలుపు దగ్గర తోపులాట: బతికి బయటపడ్డవాళ్లు ఈ పుస్తకం తెరుస్తారు, వాళ్లకోసమే కదా తెస్తున్నది. ప్రకటనలోనే "జరిగిన ఘటనను, అందులోని నిజ వ్యక్తులను పాత్రలుగా చేసిన రచనలు తీసుకోం" అని రాయండి. ప్రేమ కథ, వంట గురించిన కవిత, నవ్వించే స్కెచ్ అన్నీ రావచ్చని కూడా అక్కడే చెప్పండి, లేకపోతే 20 శోకగీతాలొస్తాయి. ఆత్మహత్య, ఇంట్లో హింస లాంటివి ఉన్న కథలకు, కథ పేరు కింద ఒక్క వాక్యంలో ముందస్తు సూచన పెట్టండి.

కలం పేర్ల దగ్గర అసలు ప్రమాదం అట్ట మీద ఉండదు, ఫైలు లోపల ఉంటుంది. వర్డ్ ఫైలు వివరాల్లో రచయిత అసలు పేరు, ట్రాక్ చేంజెస్‌లో, వ్యాఖ్యల్లో దిద్దినవాళ్ల పేర్లు అలాగే కూర్చునుంటాయి. ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కి వ్యక్తిగత సమాచారం తీసేయండి. ముందు కాపీ తీసుకుని చేయండి, వ్యాఖ్యలన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. ఈ-బుక్ ఫైలు ఈపబ్ అంటే నిజానికి జిప్ ఫైలే. విప్పి, లోపలున్న ఓపీఎఫ్ ఫైలును (పుస్తకం వివరాలుండేది) నోట్‌ప్యాడ్‌లో తెరిచి క్రియేటర్, కంట్రిబ్యూటర్ అన్న వరుసలు చదవండి. ప్రింటుకు పంపే పీడీఎఫ్ ప్రాపర్టీస్ కూడా. గూగుల్ డాక్స్‌లో అందరూ ఒకే ఫైలు దిద్దితే ఒకరి పేరు, ఈమెయిలు ఇంకొకరికి కనిపిస్తాయి. ఎవరి కథ వాళ్లకే విడి ఫైలు. అందరికీ పంపే మెయిల్ బీసీసీలోనే.

రచయిత పరిచయం ఇంకా మోసం చేస్తుంది. "ఫలానా ఊళ్లో పశువైద్యురాలు, ఇద్దరు పిల్లల తల్లి" అన్నాక కలం పేరుంటే ఎంత, లేకుంటే ఎంత? అసలు పేరు ఒప్పందం కాగితం మీద మాత్రమే ఉండాలి, ఆ కాగితం ఒక్క సంపాదకుడి దగ్గరే ఉండాలి. స్వలింగ సంబంధం నేరమైన దేశంలో ఉన్నవాళ్లయితే అంతకుముందు ఒక ప్రశ్న: ఈ కాగితం ఎవరి చేతికైనా చిక్కితే ఏమవుతుంది?

కాగితంపడవ:
పైన చెప్పినదానితో ఒక్కచోట ఏకీభవించలేను. దాడినుంచి బయటపడ్డ మనిషే తన అనుభవం రాసి పంపితే? దాన్ని "తీసుకోం" అంటే ఎలా? నిషేధం ఊహించి రాసినవాటికి పెట్టండి. ఆ మనిషికి మాత్రం పారితోషికం ఇవ్వండి, మీ చందాల్లోంచి, రాయల్టీలోంచి కాదు. అచ్చుకు వెళ్లేదాకా ఏ రోజైనా వెనక్కి తీసుకునే హక్కు కూడా ఇవ్వండి.

మూడోప్రూఫు:
సరే, ఆ మినహాయింపు ఒప్పుకుంటాను.

సూదీదారం:
ఒప్పందం రెండు పేజీలు మించకూడదు. కాపీరైట్ రచయితదే. మీకిచ్చేది ఈ-బుక్కు, అచ్చుకు ఫలానా భాషలో మొదటి ప్రచురణ హక్కు, 12 నెలలు ఇంకెవరికీ ఇవ్వకూడదన్న షరతు, రెండేళ్ల కాలపరిమితి. ఆ తర్వాత పుస్తకం తీసేస్తారా, కొనసాగించాలంటే మళ్లీ అడుగుతారా అన్నది రాయండి. గడువు లేని ఒప్పందమైతే విరాళం తేదీ దాటాక కూడా పుస్తకం అమ్ముడవుతూనే ఉంటుంది. ఆ డబ్బు ఎవరిదన్న తగువు అక్కడే పుడుతుంది. కేడీపీ సెలెక్ట్‌లో (ఈ-బుక్‌ను కిండిల్‌కే పరిమితం చేసే పథకం) పెడితే 90 రోజులు ఆ ఈ-బుక్‌లోని రచనలు డిజిటల్‌గా ఇంకెక్కడా ఉండకూడదు. ఒక్క కవి తన బ్లాగులో కవితను ఉంచేసినా పుస్తకం మొత్తానికి నోటీసు రావచ్చు. ఇంత మంది ఉన్న పుస్తకాన్ని అందులో పెట్టకపోవడమే మేలు. పాత రచన తీసుకుంటే మొదటి ప్రచురణకర్త అనుమతి మెయిల్ దాచుకోండి, హక్కులు చూపించమని అమెజాన్ అడగొచ్చు.

నివాళి రచనల్లో తప్పక వచ్చే తప్పు పాట చరణాలు. సినిమా పాటో, పాప్ పాటో రెండు చరణాలు కథ మొదట్లో పెట్టేస్తారు. పాట పేరు చెప్పొచ్చు, చరణాలకు అనుమతి కావాలి, అది నెలల పని. ఎడిటింగు మొదటి విడతలోనే ఏరేయండి.

రెండు నెలలన్నది కుదరదు. రచనలకు నాలుగు వారాలు, ఎంపికకు రెండు, ఎడిటింగుకు మూడు, కాపీ దిద్దుబాటుకు రెండు, పేజీలకు ఒకటి, ప్రూఫులకు రెండు, మొత్తం 14 వారాలు. ఎంపిక, ఎడిటింగు ఒకరే చేస్తే చివరి ఐదు కథలు చదివేది అలసిపోయిన కళ్లు. పేపర్‌బ్యాక్ లెక్క కూడా ఇందులోనే చూసుకోండి: 240 పేజీల నలుపు-తెలుపు పుస్తకానికి అచ్చు ఖర్చు 3.88 డాలర్లు అనుకుంటే, 14.99 ధరలో 60 శాతం నుంచి అది పోను 5.11 మిగులుతుంది. ఎక్స్‌పాండెడ్ డిస్ట్రిబ్యూషన్ (అమెజాన్ బయటి దుకాణాలకు పంపే సౌకర్యం) టిక్కు పెడితే ఆ దారిన అమ్ముడైన ప్రతికి 40 శాతమే, అచ్చు ఖర్చు పోను 2.12 మాత్రమే. ప్రూఫు కాపీ మీద అమ్మకూడదన్న పట్టీ ఉంటుంది, విడుదల సభలో అమ్మడానికి అవి పనికిరావు. ఆథర్ కాపీలు విడిగా తెప్పించుకోవాలి.

ప్రీ-ఆర్డర్ పెడితే తుది ఫైలు విడుదలకు 72 గంటల ముందే ఎక్కాలి. ఆ గడువు తప్పితే ఆ ఖాతాకు ఏడాది పాటు ప్రీ-ఆర్డర్ సౌకర్యం ఉండదు. కాబట్టి ప్రూఫులు ముగిశాకే తేదీ ప్రకటించండి. సంస్థ వాళ్లకు కూడా ఆ తేదీ ముందే చెప్పండి, వాళ్ల న్యూస్‌లెటర్‌లో ఒక్క పేరా వేయించుకోగలిగితే మీ ప్రకటనలన్నిటికన్నా అదే ఎక్కువ ప్రతులు అమ్మిపెడుతుంది.