పాముల కిరవా, ఎరవా, ఎరువా?

చలివాగు:
మా తాత నోట విన్న సుమతీ శతక పద్యంలో ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. "చీమలు పెట్టిన పుట్టలు పాముల కెరవైన యట్లు" అని చదివేవాడు. 'కె' అనే అనేవాడు, నాకు బాగా గుర్తు. ఇంట్లో ఉన్న పుస్తకం తీసి చూస్తే 'కిరవైన' అని ఉంది. మా చెలక గట్టు మీద పెద్ద పుట్ట ఉండేది. దున్నేటప్పుడు అక్కడికి రాగానే ఎడ్లను పక్కకు మళ్లించి ఈ పద్యం ఎత్తుకునేవాడు. ఇప్పుడు బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు జీవ, నిర్జీవ కారకాల పాఠం చెబుతున్నాను. పుట్టనే ఉదాహరణగా తీసుకుని, గోడపత్రికలో పైన ఈ పద్యం రాయిద్దామనుకున్నా. సోమవారం అతికించాలి. ఏ అక్షరం రాయించను?

కందపద్యం:
ఇరవే మేడం. ఇరవు అంటే నెలవు. ఒకరు కట్టిన చోట ఇంకొకరు కాపురం పెట్టారు; కింది పాదాల్లో 'హేమంబుఁ గూడఁ బెట్టిన భూమీశుల పాలఁ జేరు' అన్నట్టు, పామరుడు కూడబెట్టిన బంగారం రాజుల పాలైంది. అయితే ఛందస్సు మీకు సాయం రాదు. 'కిరవై' అన్నా 'కెరవై' అన్నా రెండు లఘువులు, ఒక గురువు, స గణమే. యతి పా-పా మీద కుదిరింది, ప్రాస మకారం. ఆ ఒక్క చోట ఇకారమైనా ఎకారమైనా పద్యం ఎక్కడా కుంటుపడదు. ఇలాంటి చోట్లే నోటి పాఠాలు రెండుగా చీలుతాయి.

పాకాల గాలి:
కుంటుపడదంటే రెండూ నిలబడినట్టే కదా సార్. ఎరవు అంటే అరువు. కన్నడంలో ఇప్పటికీ ఎరవలు అంటారు. నాగుపాము పుట్ట తవ్వలేదు, కట్టలేదు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా, ఎప్పుడూ కొంత తేమగా ఉండే గూడు దొరికితే దూరుతుంది. ఎలుకలు, కప్పలు కూడా అక్కడికే వస్తాయి కాబట్టి తిండికీ లోటుండదు. సొంతం కాని ఇంట్లో ఉండటాన్ని ఎరవు అనకుండా ఏమంటాం? తాతగారి పాఠమే నాకు నచ్చింది.

కందపద్యం:
అరువు తెచ్చుకుంటే తిరిగి ఇవ్వాలి. పాము ఇస్తుందా? భూమీశులు ఇస్తారా? కింది రెండు పాదాలు వదిలేసి పై రెండింటికే అర్థం చెబితే ఎట్లా? 'పాలఁ జేరు' అన్నాక అది పోయినట్టే.

గోదారి ఒడ్డు:
మూడోది ఎవరూ అనలేదు. ఎరువు! 'పాముల కెరువైన యట్లు'. గణం అదే. మా మంచిర్యాల దిక్కు పాత పుట్ట కూలిపోతే ఆ మన్ను గంపలకెత్తి చెలకలో చల్లేవాళ్లు. ఇసుక నేలల్లో దాని బలం కంటికే కనిపించేది. లోతు నుంచి తెచ్చిన మెత్తటి బంకమన్నూ, లోపలికి మోసిన ఆకూ అలమూ కలిసి తయారైన మన్ను అది. రైతు నోట ఎరువు అనే మాట రావడంలో వింతేముంది?

కందపద్యం:
పాములకు ఎరువెందుకన్నా?

గోదారి ఒడ్డు:
పద్యానికి అర్థం కుదరదు, ఒప్పుకుంటా. తాత నోట్లోకి అదెలా వచ్చిందో చెబుతున్నా.

మేడారం దారి:
మీరంతా రెండో పాదం పట్టుకుని కూర్చున్నారు. అసలు చిక్కు మొదటి మాటలోనే ఉంది. చీమలు ఆ పుట్టలు పెట్టవు. పెట్టేవి చెదలు. మా తాడ్వాయి అడవిలో మనిషి ఎత్తు పుట్టలున్నాయి, ఏది పగలగొట్టినా లోపల తెల్లగా చెదలే. మన్నుకు తమ ఉమ్మి కలిపి ఒక్కో ముద్దా పేర్చి కడతాయి. లోపల తేనెపట్టులాంటి గూళ్లలో బూజు పెంచుతాయి. కట్టె, ఎండుటాకు నేరుగా అరగవు కాబట్టి ఆ బూజు కుళ్లబెట్టాక తింటాయి. వానలు పడ్డాక ఆ బూజే పైకి గొడుగై మొలుస్తుంది. పుట్టకొక్కులని మనం ఏరుకొచ్చి వండుకునేవి అవే. పుట్టగొడుగు అనే మాటలోనే పుట్ట ఉంది. ఆ మాట పుట్టించినవాళ్లకు ఈ సంగతంతా తెలిసే ఉంటుంది. మరి పద్యకర్తకు తెలియదా?

కందపద్యం:
తెలుసు. ప్రాస ఒప్పుకోలేదు. చీమలు, పాముల, హేమంబు, భూమీశుల... నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం మకారం, దాని ముందు గురువు. పాముకూ హేమానికీ చీమ తప్ప జత దొరకదు. 'చెదలు' అని మొదలుపెడితే మూడు లఘువులే, అది కందంలో గణమే కాదు. ఇరవై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, ఆ చీమ ప్రాస కోసం వచ్చిన చీమ.

ఓరుగల్లు నిఘంటువు:
అంత దూరం పోనక్కరలేదు. పాతకాలంలో చీమ అనే మాట రెండింటికీ చెల్లి ఉంటుంది. చెదలను తెల్లచీమలు అనడం ఇప్పటికీ ఉంది కదా. సంస్కృతంలోనూ ఈ కలగలుపు కనిపిస్తుంది. భాగవతంలో హిరణ్యకశిపుడి తపస్సు దగ్గర వ్యాసుడు ఒకే శ్లోకంలో ఒంటిని కప్పిన వల్మీకమూ అంటాడు, ఒళ్లు తిన్న పిపీలికలూ అంటాడు.

పాకాల గాలి:
చెద కొత్త మాట కాదక్కా. తమిళంలో చిదల్, కన్నడంలో గెదలు, మనకు చెదలు. మూడు భాషల్లో ఒకే వేరు ఉందంటే ఆ కవి కంటే చాలా పాతది. మాట లేక చీమ అన్నాడనడం కుదరదు. పైగా వాడుక చూడండి. కట్టెకు చెద 'పడుతుంది', పుట్ట మాత్రం 'పెడతాయి'.

ఓరుగల్లు నిఘంటువు:
పట్టడం అవి తినే కట్టె గురించి, పెట్టడం అవి కట్టే పుట్ట గురించి తమ్ముడూ. రెండూ ఒకే పురుగు పనులు కావచ్చు. అది సాక్ష్యం కాదు.

గోదారి ఒడ్డు:
సాక్ష్యం కావాలంటే వేమన ఉన్నాడు. "పుట్టలోన చెదలు పుట్టదా గిట్టదా". తల్లిదండ్రుల మీద దయలేని పుత్రుడి పద్యం. పుట్టలో ఉండేది చెదేనని ఎంత సూటిగా చెప్పాడో చూడండి.

కందపద్యం:
ఇది నా మాటకే బలం. వేమనది ఆటవెలది, దానికి ప్రాస నియమం లేదు. అందుకే చూసింది చూసినట్టు చెదలన్నాడు. సుమతి కందం, ప్రాస తప్పదు. అందుకే చీమలు.

మేడారం దారి:
నేను చూసింది ఇంకోటి. తొలకరికి నల్లచీమలు బారులు తీరి పుట్టలోకి దూరి చెదలను నోట కరుచుకుని మోసుకుపోతాయి. చెదలు వదిలేసిన పాత పుట్టల్లో చీమలే కాపురం ఉంటాయి. అంటే పాము కంటే ముందే ఎరవుకు చేరింది చీమ. కవి అలాంటి పుట్ట చూసి ఉంటే ఆయన తప్పేమీ లేదు.

ఓరుగల్లు నిఘంటువు:
పుట్ట మాట వస్తే నాకు పోతన భాగవతంలోని సుకన్య గుర్తొస్తుంది. తొమ్మిదో స్కంధం. పుట్టలో మినుకుమినుకుమనే రెండు వెలుగులు చూసి ముల్లుతో పొడుస్తుంది ఆ పిల్ల, అవి తపస్సులో ఉన్న చ్యవన మహర్షి కళ్లు. మనిషి కదలకుండా కూర్చుంటే నేల ఆయన్ని తనలో కలిపేసుకుంటుంది. ఏడో స్కంధంలో హిరణ్యకశిపుడికీ అదే జరిగింది. రెండూ పోతన స్వయంగా రాసిన స్కంధాలే. బమ్మెరలో నేల చూసుకుంటూ రాసినవాడు.

పాకాల గాలి:
"గహనాంతర సీమలఁ గందమూల కౌద్దాలికులైన నేమి" అన్నవాడు కదా. కుద్దాలం పట్టి నేల తవ్వేవాడికి ఎక్కడ పుట్ట ఉందో, దాని కింద ఏముందో తెలియకపోదు. ఆ మాటలో మట్టి వాసన వస్తుంది నాకు. ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగుతాను.

కందపద్యం:
ఆ పద్యంలో హాలికులు ముందు, కౌద్దాలికులు తర్వాత. దున్నేవాడి కంటే తవ్వుకుని తినేవాడు ఇంకో మెట్టు బీదవాడు. కావ్యాన్ని నీచులకిచ్చి బతకడం కంటే ఆ చివరి మెట్టు దాకా దిగినా పర్వాలేదన్నాడు పోతన. దాని మీద వేరే చర్చ పెడదాం, ఒక్క రోజులో తేలేది కాదు.

ఓరుగల్లు నిఘంటువు:
తవ్వకం అన్నారు కాబట్టి ఒకటి చెబుతా. వరాహమిహిరుడి బృహత్సంహితలో దకార్గళం అని నీళ్ల జాడ చెప్పే అధ్యాయం ఉంది. ఫలానా చెట్టు పక్కన పుట్ట ఉంటే ఇంత లోతులో నీళ్లుంటాయని వరసగా లెక్కలు చెబుతాడు. చెదలకు తడి మన్ను కావాలి, దానికోసం లోతుకు పోతాయి. పురుగును చూసి నీటిని కనుక్కోవడం అన్నమాట. టీచరమ్మా, మీ పాఠానికి ఇది పనికొస్తుంది.

మేడారం దారి:
గాలి సంగతి కూడా చెప్పండి పిల్లలకు. బెంగళూరులో ఇలాంటి పుట్టల మీద కొలిచి 2015లో ప్రకటించారు. పగలు ఎండకు బయటి గోడలు వేడెక్కి వాటిలో గాలి పైకి పోతుంది, నడుమ కిందికి దిగుతుంది. రాత్రి గోడలు చల్లబడగానే దిశ తిరగబడుతుంది. పగలు రాత్రి తేడాతోనే పుట్ట ఊపిరి తీసుకుంటుంది. మన్ను నిర్జీవం, ఎండ నిర్జీవం, కానీ చెదలు కట్టిన తీరు వల్ల అవి ఊపిరితిత్తుల పని చేస్తున్నాయి.

గోదారి ఒడ్డు:
చెదలను తినే అలుగును మరిచిపోయారు. ఒళ్లంతా పొలుసులతో పుట్టలు తవ్వుకుని తినే జంతువు. పేరు అలుగు, చెరువు నిండితే నీళ్లు పొర్లేదీ అలుగే. రెండింటికీ ఒకే మాట ఎలా వచ్చింది?

పాకాల గాలి:
మా ఓరుగల్లు దిక్కు చెరువుకు అలుగనం అన్నా, మత్తడి అంటాం. పాకాల మత్తడి దుంకుతుందంటే ఊళ్లకు ఊళ్లు చూడ్డానికి పోతాయి. కాబట్టి మాకు ఆ టెన్షన్ లేదు, అలుగంటే జంతువే. కట్ట మీద పుట్టలు లేస్తే మాత్రం పెద్దవాళ్లకు నిద్ర పట్టేది కాదు. చెద తొలిచిన దారుల్లో నీళ్లు పట్టి కట్టకు బుంగ పడుతుంది. చెలక గట్టున మొక్కే పుట్టనే చెరువు కట్ట మీద తవ్వించేవాళ్లు.

చలివాగు:
అందరికీ దండాలు. పాఠానికి కావలసింది దొరికింది, అక్షరమే దొరకలేదు. పొద్దున అమ్మకు ఫోన్ చేసి తాత ఏమనేవాడో చదవమన్నాను. ఆమె వెంటనే "చెదలు పెట్టిన పుట్టలు" అని ఎత్తుకుంది.

కందపద్యం:
అలా అని ఉండరు మేడం. మొదటి గణమే చెడుతుంది, ప్రాస సంగతి తర్వాత. ఇంకోసారి అడగండి.

చలివాగు:
అడిగాను సార్. రెండోసారీ అదే చదివింది. తాత రోజూ చూసేది చెదలనే కదా, చీమలని ఎందుకంటాడు అంది.

కందపద్యం:
రెండో పాదం ఎలా చదివారు? కిరవా, కెరవా?

చలివాగు:
అక్కడికి వచ్చేసరికి లైన్ కట్ అయింది. సాయంత్రం మళ్లీ చేస్తాను.