అప్‌డేట్: బాడీ లిఫ్ట్ తర్వాత జిప్సీ స్టీరింగ్ సమస్య తీరింది

రెండంగుళాల బాడీ లిఫ్ట్ (ఛాసిస్ అనే కింది ఫ్రేమ్ మీద దిమ్మలు పెట్టి బాడీని ఎత్తడం) వేయించాక నా మారుతి జిప్సీ స్టీరింగ్ తిప్పుతుంటే ఒకచోట బిగుసుకుని మళ్లీ వదులవుతోందని, ఎందుకని ఇదివరకు ఈ గ్రూపులో అడిగాను కదా, కారణం దొరికింది. బాడీతో పాటు స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ వీల్ బిగించి ఉండే కడ్డీ) పైకి లేచింది, ముందు చక్రాల్ని తిప్పే గేర్లుండే స్టీరింగ్ బాక్స్ మాత్రం ఛాసిస్ మీదే ఉండిపోయింది. ఆ రెంటినీ కలిపే మధ్య షాఫ్ట్ సాగి, దాని స్ప్లైన్లు (ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్లు) కొసన మాత్రమే పట్టుకుని ఉన్నాయి. ఇంకాస్త జారి ఊడితే స్టీరింగే పనిచేయదు, అది చూడగానే గుండె ఆగినంత పనైంది. రోజూ పిల్లల్ని స్కూలుకి దింపేది ఆ బండిలోనే!

ఒక మెకానిక్ షాఫ్ట్ కోసి ముక్క వెల్డింగ్ చేస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. గ్రూపులో మీరు చెప్పినట్టే షాఫ్ట్ పొడవు పెంచే ఎక్స్‌టెన్షన్ వేయించి, మధ్యలో బిగుసుకోకుండా షాఫ్ట్ రెండు చివర్ల యూనివర్సల్ జాయింట్ (వంపులోనూ తిప్పగల కీలు) యోక్‌లు, అంటే ఆ కీళ్లను పట్టుకునే కొమ్ములు, ఒకే వరసలో ఉండేలా సరిచేయించాను. క్లాంప్ బోల్టులూ కొత్తవే. ఇప్పుడు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా తిరుగుతోంది. వంద కిలోమీటర్లు నడిపాక బోల్టుల బిగింపు మళ్లీ చూపిస్తాను.